మన ల్యాబు కంప్యూటర్లకు ఏమైంది?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మాకు కొంత సమయం ఇస్తారు. పదో తరగతి ఫలితాలు చదువుతాం, దాతల పేర్లు చదువుతాం, దిగిపోతాం. ఈసారి ఆ పని కార్యదర్శిగారికి అప్పగించాం. ఎందుకంటే ఈ ఏడాది పెళ్లి విందుల్లో, బజారులో, బస్టాండులో ఎక్కడ కనిపించినా మమ్మల్ని ఒకటే అడిగారు: "ఏం మాస్టారూ, మేమిచ్చిన కంప్యూటర్లను ఎవరో పిల్లాడు పాడుచేశాడట కదా?"

దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాం. పాడుకాలేదు. లోపల ఒక పేరు ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి మారింది, అంతే. సరిచేయడానికి ఒక్కో కంప్యూటరుకు రెండు నిమిషాలు పట్టింది. కానీ ఆ రెండు నిమిషాల పని ఏమిటో తెలుసుకోవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఒక అబ్బాయి పేరు ఊరంతా తిరిగింది. మేము ఈరోజు మాట్లాడాలనుకున్నది అందుకే.

మన స్టడీ సెంటరులో పన్నెండు కంప్యూటర్లున్నాయి. అన్నీ సెకండ్ హ్యాండువే. వాటిలో విండోస్ కాకుండా ఉబుంటు 20.04 వేశాం. అది ఉచితం, పాత మిషన్ల మీద కూడా బాగా నడుస్తుంది. పిల్లలు అందులో టైపింగ్ నేర్చుకుంటారు, పెద్ద పిల్లలు పైథాన్ నేర్చుకుంటారు. పైథాన్ అంటే కంప్యూటరుకు పని చెప్పే భాష. గైడో వాన్ రాసమ్ అనే డచ్ ప్రోగ్రామరు 1991లో దాన్ని బయటపెట్టాడు. పేరు పాముది కాదు, ఆయనకు ఇష్టమైన ఒక బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమానిది. పిల్లలు మాత్రం పాము బొమ్మలే గీస్తారు, అది వేరే సంగతి.

మన భాషల్లాగే ఆ భాషకూ పాత రూపం, కొత్త రూపం ఉన్నాయి. వాటినే వెర్షన్లంటారు. ఒకే కంప్యూటరులో రెండు మూడు వెర్షన్లు పక్కపక్కన ఉండవచ్చు. అలాంటప్పుడు నంబరు చెప్పకుండా ఉత్త పేరుతో పిలిస్తే ఏది పలకాలి? అలా పలికేదాన్ని డిఫాల్ట్ వెర్షన్ అంటారు. మన కథంతా ఆ డిఫాల్టు గురించే.

ఈ ఏడాది ఫిబ్రవరిలో, మన దగ్గరికి సాయంత్రాలు వచ్చే ఒక డిగ్రీ విద్యార్థికి కాలేజీలో అసైన్‌మెంటు ఇచ్చారు. అందులో 'మ్యాచ్' అనే కొత్త పద్ధతి వాడాలి. అది 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నుంచే ఉంది. మన ఉబుంటు 20.04తో వచ్చే పైథాన్ 3.8. ఆ ప్రోగ్రాము మన మిషన్ల మీద నడిపితే సింటాక్స్ ఎర్రర్ అంటుంది. మన పిల్లాడి ప్రోగ్రాములో తప్పులేదు, చదివేవాడికి ఆ వ్యాకరణం రాదు.

అబ్బాయి తెలివైనవాడు. డెడ్‌స్నేక్స్ అనే చోటి నుంచి 3.10 తెచ్చి వేశాడు. ఉబుంటు వాళ్లకు వేరే వెర్షన్ల పైథాన్ అందించే వాలంటీర్ల చోటు అది. ఇంతవరకు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. 3.8 పక్కనే 3.10 వచ్చి కూర్చుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ప్రతిసారీ 'పైథాన్3.10' అని పూర్తిగా టైపు చేయాలి. ఉత్తగా 'పైథాన్3' అంటే ఇంకా పాత 3.8 పలుకుతోంది. ఇది విసుగు. ఎక్కడో సలహా చదివాడు: 'అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్' అనే కమాండుతో పైథాన్3 అన్న పేరును 3.10 వైపు తిప్పేయవచ్చని. రెండు లైన్లు టైపు చేశాడు. వెర్షన్ అడిగితే 3.10 అని వచ్చింది. అసైన్‌మెంటు నడిచింది. స్నేహితులు మాకూ చేసిపెట్టమన్నారు. మొత్తం ఏడు మిషన్ల మీద చేసిపెట్టాడు.

మర్నాడు ఆ ఏడు మిషన్ల మీద టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే నల్ల కిటికీ, తెరుచుకోలేదు. అప్‌డేట్లు వేసే ప్రోగ్రాము మొదలై ఆగిపోయింది. 'ఏపీటీ పీకేజీ' అనే మాడ్యూల్ దొరకలేదని ఒక సందేశం వచ్చింది. విచిత్రమేమిటంటే ఇంటర్నెట్ వస్తోంది, ఉత్తరాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. కొంత పనిచేసి కొంత పనిచేయకపోతే మనం వెంటనే ఏమంటాం? వైరస్ అంటాం. మేమూ అదే అన్నాం.

అసలు జరిగిందేమిటో బడిలో పనిచేసినవాళ్లకు చెప్పడం తేలిక. 'హెడ్మాస్టరు' అన్నది మనిషి పేరు కాదు, కుర్చీ పేరు. గుమాస్తా ఫైలు పట్టుకుని వచ్చేది ఆ కుర్చీ దగ్గరికే. గంట కొట్టమంటారా అని అటెండరు అడిగేది ఆ కుర్చీలో ఉన్నవారినే. ఇప్పుడు ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆ కుర్చీలో ఇంకొకాయనను కూర్చోబెట్టామనుకోండి. పాతాయన కంటే ఎక్కువ చదువుకున్నాయనే. సోమవారం గుమాస్తా వచ్చి జీతాల రిజిస్టరు తీసివ్వండి సార్ అంటాడు. బీరువా తాళాలు పాతాయన జేబులో ఉన్నాయి. కొత్తాయన చదువుకు లోటేమీ లేదు, తాళాలు లేవంతే. ఆ నెల జీతాల బిల్లు వెళ్లదు.

ఉబుంటులో 'పైథాన్3' అలాంటి కుర్చీ. అది స్వయంగా ప్రోగ్రాము కాదు, అసలు ప్రోగ్రాము ఎక్కడుందో చూపించే బాణం గుర్తు. మనం కంప్యూటరు అని పిలిచే దానిలో చాలా పనులు పైథాన్‌లోనే రాసి ఉంటాయన్నది మాకు అప్పటిదాకా తెలియదు. అప్‌డేట్లు చూసేది, కొత్త సాఫ్ట్‌వేర్ వేసేది, చివరికి ఆ నల్ల కిటికీని తెరిచే చిన్న ప్రోగ్రాము కూడా. అవన్నీ 'పైథాన్3' కుర్చీ దగ్గరికే వస్తాయి. వాటికి కావలసిన కొన్ని విడిభాగాలు 3.8 కోసం మాత్రమే తయారుచేసి పెట్టి ఉన్నాయి. కుర్చీలో 3.10 ఉండేసరికి తాళం పడలేదు. ఇంటర్నెట్ బ్రౌజరుకు ఆ కుర్చీతో పని లేదు గనుక అది మామూలుగానే నడిచింది.

మరి ఆ సలహా ఎవరో కావాలని తప్పుగా రాశారా? లేదు. దానికొక చరిత్ర ఉంది.

పైథాన్ రెండో వెర్షన్ 2000లో వచ్చింది. మూడోది 2008 డిసెంబరులో. మూడోది రెండోదానికి మెరుగు మాత్రమే కాదు, కొన్ని చోట్ల రెండోదానితో పొసగదు. లెక్కల మాస్టర్లం కనుక మాకు నచ్చిన ఉదాహరణ చెబుతాం. ఏడును రెండుతో భాగించమంటే పాత పైథాన్ 3 అనేది, మిగిలింది వదిలేసేది. కొత్తది 3.5 అంటుంది. మరో తేడా మన భాషలకు సంబంధించింది. 'తెలుగు' అన్న మాటను మామూలుగా టైపు చేసి పొడవెంత అని అడిగితే పాత పైథాన్ 18 అనేది. కొత్తది 6 అంటుంది. మనం మూడక్షరాలు అంటాం. పాతది కంప్యూటరు లోపలి బైట్లను లెక్కపెట్టేది. కొత్తది హల్లును, గుణింతపు గుర్తును విడివిడిగా లెక్కపెడుతుంది, అందుకని ఆరు. 'ఉర్దూ' అన్న మాటను దాని లిపిలో రాస్తే నాలుగక్షరాలు. పాతది 8 అనేది, కొత్తది సరిగ్గా 4 అంటుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది చూపిస్తే అరగంట వదల్లేదు, తమ పేర్లన్నీ కొలుచుకున్నారు.

ఇంత తేడా ఉన్నప్పుడు ఉత్తగా 'పైథాన్' అంటే ఏది పలకాలి అన్నది పెద్ద తగవు అయింది. ఆర్చ్ లినక్స్ వాళ్లు 2010లోనే మూడోది పలకాలని మార్చేశారు. మిగతావాళ్లు చాలా ఏళ్లు రెండోదే ఉంచారు, పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని. రెండోదానికి 2015లో సెలవు చెబుతామన్నారు, మళ్లీ 2020 దాకా పొడిగించారు. 2020 జనవరి 1తో దాని కాలం ముగిసింది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 20.04లో 'పైథాన్' అన్న కుర్చీని ఖాళీగా వదిలేశారు. అంకె లేకుండా పిలిస్తే ఆ కమాండు లేదంటుంది. కావలసినవాళ్లు 'పైథాన్ ఈజ్ పైథాన్3' అనే చిన్న ప్యాకేజీ వేసుకుంటే ఆ పేరు మూడోదానికి వెళుతుంది. అది ఉబుంటు వాళ్లు తామే ఇచ్చిన దారి, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు తేడా చూడండి. 'పైథాన్' ఖాళీ కుర్చీ. 'పైథాన్3' మనిషి కూర్చుని పనిచేస్తున్న కుర్చీ. రెండు పేర్ల మధ్య ఒక్క అంకె. ఆ పదేళ్లలో డిఫాల్టు మార్చుకోండి, మార్చుకోండి అని అందరూ అందరికీ చెప్పారు. అప్పటి సలహాను తెచ్చి రెండో కుర్చీకి అన్వయిస్తే మనకు జరిగినట్టే జరుగుతుంది. పైగా అదే కమాండుతో జావా డిఫాల్టు మార్చుకోవడం మామూలు పద్ధతి, ఉబుంటులో దానికి ఏర్పాటే ఉంది. జావాకు తగిన మందు పైథాన్3కు తగదని డిగ్రీ రెండో సంవత్సరం పిల్లవాడికి ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాళ్లం మేమే. మాకూ తెలియదు.

ఆ పదకొండు రోజుల సంగతి చెప్పడం మాకు కష్టమే, అయినా చెబుతాం.

మొదటి తప్పు మాది. సిస్టమును మార్చగల పాస్‌వర్డును చీటీ మీద రాసి ప్రతి సీపీయూ మీదా అంటించాం. పిల్లలు మాటిమాటికీ అడుగుతున్నారని. రెండో తప్పు, మిషన్లు ఆగగానే ఎవరు చేశారని అడిగాం, ఏం చేశావని అడగలేదు. అబ్బాయి నేనేనని వెంటనే ఒప్పుకున్నాడు. అతన్ని కూర్చోబెట్టి ఏ కమాండు టైపు చేశావో రాయమని ఉంటే ఆ సాయంత్రమే తేలిపోయేది. మేము వారం రోజులు ల్యాబుకు రావద్దన్నాం.

మూడో తప్పు వల్ల నష్టం జరిగింది. ఒక మెకానిక్కును పిలిచాం. ఆయన చూసి, ఫార్మాటు కొట్టాలి అన్నారు. ముందు ఒకటి చేసి చూడండి అన్నాం. ఆయన చెప్పింది ఆయన చేశారు, డేటా కాపీ తీసుకున్నారా అని మమ్మల్ని అడిగారు కూడా. ఏమీ లేదులెండి అన్నాం. ఆ మిషనులో మేము రెండేళ్లుగా తెలుగులోనూ ఉర్దూలోనూ టైపు చేయించిన పదో తరగతి లెక్కల ప్రశ్నపత్రాలున్నాయి. అవి పోయాయి. అబ్బాయి చేసిన పని వల్ల ఒక్క ఫైలు కూడా పోలేదు. పోయినవన్నీ మా నిర్ణయం వల్ల పోయాయి. ఊళ్లో మాత్రం అవి కూడా అతని లెక్కలోనే పడ్డాయి.

ఎనిమిదో రోజున అబ్బాయి తండ్రి మా ఇంటికి వచ్చారు. ఆయన ఆటో నడుపుతారు. కూర్చోమంటే కూర్చోలేదు. చొక్కా జేబులోంచి డబ్బు తీసి, "మాస్టారూ, దాతలిచ్చిన సొమ్ము. ఎంతయిందో చెప్పండి, ఇది ఉంచండి, మిగతాది నెలనెలా ఇస్తాను" అన్నారు. మేము తీసుకోలేదు. కానీ మీ అబ్బాయి తప్పేమీ లేదని కూడా అనలేదు. చూద్దాం లెండి అన్నాం. ఆయన తలవంచుకుని వెళ్లిపోయారు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్లం, ఆ ఒక్క మాట అనడానికి మాకు అప్పుడు తెలివి చాలలేదు.

పదకొండో రోజున మా పాత విద్యార్థిని ఒకామె పండుగ సెలవుల గురించి ఫోన్ చేసింది. హైదరాబాదులో ఉద్యోగం. మాటల్లో ఈ గొడవ చెప్పాం. ఆమె నవ్వి, "సార్, ఎవరో పైథాన్3 డిఫాల్టు మార్చారా?" అంది. మార్చారన్నాం. "ఒక మిషను ముందు కూర్చోండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి" అంది. నొక్కితే బొమ్మలన్నీ పోయి, నల్ల తెర మీద లాగిన్ అని వచ్చింది. కిటికీ తెరుచుకోకపోయినా ఈ దొడ్డితలుపు ఎప్పుడూ ఉంటుందట. అక్కడ పేరు, పాస్‌వర్డు ఇచ్చి ఆమె చెప్పిన ఒక్క లైను టైపు చేశాం. పైథాన్3 అన్న బాణాన్ని మళ్లీ 3.8 వైపు తిప్పే లైను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి వెనక్కి వచ్చాం. టెర్మినల్ తెరుచుకుంది. 3.10 కూడా తన చోట తాను క్షేమంగా ఉంది.

మిగతావాటికీ అదే లైను. ఆ సాయంత్రం మేము అబ్బాయి ఇంటికి వెళ్లి తండ్రి ముందే చెప్పాం, నీ తప్పు కాదు, మాది అని. అతను ఏమీ అనలేదు. మళ్లీ ల్యాబుకు రావడానికి నెల రోజులు పట్టింది.

వచ్చాక మొదట అడిగింది, "అయితే సార్, 3.10 కావాలంటే సరైన పద్ధతి ఏమిటి?" అని. అది ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. పద్ధతి తేలికే. సిస్టము కుర్చీ జోలికి పోకుండా, పనికో ఫోల్డరు తయారుచేసుకుని, ఆ ఫోల్డరు వరకు మాత్రం ఏ వెర్షన్ పలకాలో నిర్ణయించుకోవడం. దీన్ని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు, కమాండు పేరు 'వెన్వ్'. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి భాషతోపాటే వస్తోంది. ఉబుంటులో మాత్రం 3.10కు సంబంధించిన వెన్వ్ ప్యాకేజీని కూడా విడిగా వేసుకోవాలి. ఆ ఫోల్డరును మేలుకొలిపి లోపల పనిచేస్తున్నంతసేపు పైథాన్3 అన్నా, ఉత్త పైథాన్ అన్నా 3.10 పలుకుతుంది. బయటికి వస్తే మళ్లీ 3.8. మేము పిల్లలకు దీన్ని రఫ్ నోటు అని చెబుతాం. కొట్టివేసుకోండి, చింపేయండి, ఫోల్డరు మొత్తం తీసేయండి, ఫెయిర్ నోటుకు ఏమీ కాదు.

పెద్ద పెద్ద సంస్థలు కూడా చివరికి ఈ దారికే వచ్చాయి. రెడ్ హ్యాట్ వాళ్లు 2019లో తెచ్చిన ఎనిమిదో వెర్షనులో, సిస్టము తన సొంత పనులకు వాడుకునే పైథాన్‌ను 'ప్లాట్‌ఫామ్ పైథాన్' అనే పేరుతో వేరే చోట దాచిపెట్టారు. మనుషులు తమ డిఫాల్టును ఎటు తిప్పుకున్నా దానికి పట్టదు. ఇంట్లో విండోస్ ఉన్నవాళ్లకు ఈ భయం తక్కువ. విండోస్ తన పనులకు పైథాన్ మీద ఆధారపడదు. అక్కడ 'పై' అనే చిన్న కమాండు ఉంది, దానికి హైఫన్ పెట్టి నంబరు చెబితే ఆ వెర్షనే పలుకుతుంది.

ఇక ముందు పని. మన ఉబుంటు 20.04కు ఉచిత భద్రతా అప్‌డేట్ల గడువు 2025 మే నెలతో ముగిసింది. కాబట్టి 24.04 వేయాలి. అందులో డిఫాల్టుగా పైథాన్ 3.12 వస్తుంది, 'మ్యాచ్' దానంతటదే నడుస్తుంది, ఈ కథకు కారణమైన అవసరమే ఉండదు. 20.04 నుంచి నేరుగా 24.04కు అప్‌గ్రేడు కుదరదు, మధ్యలో 22.04 మీదుగా వెళ్లాలి. పాత మిషన్ల మీద రెండుసార్లు ఆ పని పెట్టుకునే బదులు కొత్తగా వేసేద్దామనుకున్నాం. ఒక ఆదివారం ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ తీయడానికి, రెండో ఆదివారం వేయడానికి. ఆ రెండు రోజులూ ల్యాబు మూసి ఉంటే మళ్లీ పాడైందట అని ఎవరూ అనుకోవద్దు. పని మొత్తం ఆ అబ్బాయే చేస్తున్నాడు, మేము పక్కన పుస్తకం పట్టుకుని రాసుకుంటాం, ఏ మిషను మీద ఏ తేదీన ఏ కమాండు ఇచ్చామో.

కొత్తదానిలో పిల్లలు ఏదైనా పైథాన్ ప్యాకేజీని నేరుగా వేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఆపేస్తుంది. అది జబ్బు కాదు, కాపలా. దాన్ని దాటిపోయే మార్గం కూడా ఆ సందేశంలోనే ఉంటుంది. ఆ ఆప్షనుకు 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని పేరు పెట్టారు. విరగ్గొట్టు అని పేరులోనే చెప్పినా నొక్కేవాళ్లు ఉంటారు, పిల్లలు కదా.

పాస్‌వర్డు చీటీలు తీసేశాం. కానీ ఇక ఏ విద్యార్థికీ ఆ అధికారం ఇవ్వకూడదని కమిటీలో కొందరు అంటున్నారు. అక్కడ మేము ఒప్పుకోలేకపోతున్నాం. ఏమీ ముట్టుకోకుండా చూసి నేర్చుకునే విద్య కాదిది. మా ప్రతిపాదన ఒకటుంది. పదకొండు మిషన్లకు పాస్‌వర్డు మా దగ్గర ఉంటుంది. పన్నెండోది పిల్లలది. దాని మీద డిఫాల్టులు మార్చుకోవచ్చు, విరగ్గొట్టుకోవచ్చు, ఎఫ్3 నొక్కి మళ్లీ నిలబెట్టుకోవచ్చు. ముఖ్యమైన ఫైలు ఒక్కటి కూడా దానిలో ఉండదు.

అయితే ఆ పన్నెండో మిషను మీద ఒక దాతగారి తండ్రిగారి పేరు రాసి ఉంది. ఆ దాతగారు ఈ సభలోనే, రెండో వరుసలో కూర్చున్నారు. ఆయన అనుమతి లేకుండా దాన్ని చెడగొట్టుకునే మిషనుగా పెట్టడం మర్యాద కాదు. ఫోనులో అడుగుదామని రెండుసార్లు అనుకుని మానేశాం. ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.